రిటైరైన హైదరాబాద్ సిటీ పోలీసులకు: మన డ్యూటీ సంగతులు మనమే రాయాలి

హైదరాబాద్ సిటీ పోలీసులో కానిస్టేబుల్‌గా చేరి, కానిస్టేబుల్‌గానో హెడ్ కానిస్టేబుల్‌గానో ఏఎస్సైగానో రిటైరైన అన్నలకు, తమ్ముళ్లకు, ఆ రోజుల్లోనే ఖాకీ వేసుకున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ని. డెబ్బైల చివర్లో చేరాను. అంబర్‌పేటలో ట్రైనింగ్ అయ్యాక కొన్నాళ్లు బీట్లు (గస్తీ), ఎస్కార్టులు (ముద్దాయిల్ని కోర్టుకు తీసుకెళ్లడం) చేశాను. తర్వాత చేతిరాత బాగుందని స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సర్వీసులో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. మన కాలంలో స్టేషన్ ఎలా నడిచేదో చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అందుకే ఈ ఉత్తరం. పెళ్లిళ్లలో, చావుల దగ్గర కలిసినప్పుడు గంటల తరబడి చెప్పుకుంటాం. కాగితం మీద మాత్రం ఏమీ లేదు.

పోలీసు జ్ఞాపకాల పుస్తకాలు నాకు దొరికినవన్నీ చదివాను. దాదాపు అన్నీ పెద్ద అధికారులు రాసినవే. వాళ్లను తప్పు పట్టను, చూసినదే వాళ్లు రాశారు. సంచలనం రేపిన కేసులు, బదిలీలు, మంత్రుల ఫోన్లు, అవార్డులు ఉంటాయి. వాటిలో కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకుంటాడు. అతను రాత్రి రెండు గంటలకు ఏ గల్లీలో ఉన్నాడు, ఎవరితో మాట్లాడాడు, తెల్లారి ఇంటికి వెళ్లాడా లేక మళ్లీ బందోబస్తుకు వెళ్లాడా అన్నది ఎక్కడా కనిపించదు. నగరంలో మామూలు జనానికి పోలీసంటే కమిషనర్ కాదు, అతనే.

రికార్డులున్నాయి కదా, ఎవరైనా పరిశోధన చేసేవాళ్లు చూసుకుంటారులే అని మీరు అనుకోవచ్చు. లేవు. పోలీసు మాన్యువల్‌లో చాలా రిజిస్టర్లకు ఒక గడువు రాసి ఉంటుంది. గడువు తీరాక పై అధికారి ఉత్తర్వుతో జనరల్ డైరీలు (స్టేషన్‌లో రోజూ జరిగింది రాసే పుస్తకాలు), డ్యూటీ రోస్టర్లు, బీటు పుస్తకాలు, తపాలా రిజిస్టర్లు అన్నీ నాశనం చేస్తారు. ఆ జాబితాలు తయారు చేసేది రైటర్లమే కాబట్టి ఏమేం పోయిందో నాకు బాగా తెలుసు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మొగలుల కాలపు కాగితాలు కూడా భద్రంగా ఉన్నాయి. 1985లో సిటీలో ఒక స్టేషన్‌లో ఒక మామూలు రోజు ఎలా గడిచిందో తెలుసుకోవాలంటే మాత్రం మన జ్ఞాపకాలు తప్ప వేరే దారి లేదు. నిజాం కాలంలో కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా చేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి గురించి ఈనాటికీ రాస్తున్నారు, రాయాల్సిందే. ఆయన కింద రాత్రిళ్లు గస్తీ తిరిగిన జవాన్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

నేను అడుగుతున్నది పెద్ద కేసుల కథలు కాదు. పెద్ద కేసులు పేపర్లలో వచ్చాయి, కోర్టు తీర్పుల్లో ఉన్నాయి. మన రోజువారీ పని రాయండి.

ఎఫ్ఐఆర్ ఎలా రాసేవాళ్లమో, అక్కడి నుంచే మొదలుపెట్టండి. అచ్చు పుస్తకం, మధ్యలో కార్బన్ కాగితాలు. అసలు ప్రతి కోర్టుకు, మిగతావి పై అధికారులకు, ఒకటి స్టేషన్‌కు. డాట్ పెన్ను గట్టిగా ఒత్తి రాస్తే తప్ప అడుగు కాపీలో అక్షరం పడేది కాదు. నెల మొదట్లో ఇచ్చిన స్టేషనరీ వారం తిరగకముందే అయిపోయేది. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన మనిషినే పక్క దుకాణంలో ఒక దస్తా తెల్ల కాగితాలు, రెండు కార్బన్లు తెమ్మనడం చాలా స్టేషన్లలో మామూలు. జనం దాన్ని లంచం కిందే లెక్కేశారు. అలా తెప్పించిన కాగితాల మీదే కేసు డైరీలు, చార్జిషీట్లు నడిచాయి. కాగితం పేరు చెప్పి డబ్బులు జేబులో వేసుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ రాయాలి. ఒకటి వదిలేసి ఇంకొకటి రాస్తే అబద్ధమే అవుతుంది.

ఎఫ్ఐఆర్ రాయకపోవడం గురించి కూడా చెప్పాలి. ఈ సంగతి మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో ఇన్‌స్పెక్టర్‌ను అడిగే మొదటి ప్రశ్న, పోయిన ఏడాది ఇదే నెలలో ఎన్ని దొంగతనాలు, ఈసారి ఎన్ని అని. అంకె పెరిగితే మెమో. ఆ టెన్షన్ ఇన్‌స్పెక్టర్ నుంచి ఎస్సైకి, ఎస్సై నుంచి రైటర్ బల్లకు దిగేది. సైకిల్ పోయిందని వచ్చినవాణ్ని నాలుగు రోజులు వెతుక్కోమని పంపేవారు. బస్సులో జేబు కొట్టేస్తే పర్సు పారేసుకున్నట్టు రాసివ్వమనేవారు. ఫిర్యాదు వస్తే రాసుకోవాలనే సీఆర్‌పీసీ సెక్షన్ 154 మన కాలంలోనూ పుస్తకంలో ఉండేది. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం జరిగినట్టు ఫిర్యాదు వస్తే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితాకుమారి కేసులో గట్టిగా చెప్పేదాకా విషయం వచ్చిందంటే, దేశమంతటా ఇదే నడిచిందన్నమాట. ఈ రోజు ఎవరైనా ఎనభైల నాటి నేరాల లెక్కలు తీసి, అప్పట్లో నగరం ఎంత ప్రశాంతంగా ఉండేదో అని వ్యాసం రాస్తే, ఆ అంకెల వెనక ఏం జరిగిందో మనం కాక ఎవరు చెబుతారు?

బీటు డ్యూటీ చేసినవాళ్లు ఆ రాత్రులు రాయండి. చేతిలో లాఠీ, టార్చి, మెడలో విజిల్, కింద సొంత సైకిల్. బేగంబజార్, సుల్తాన్‌బజార్, మొజంజాహీ మార్కెట్, గుల్జార్ హౌజ్. బంగారం దుకాణాల దగ్గర, బ్యాంకుల దగ్గర వేలాడే బీటు పుస్తకంలో టైమ్ వేసి సంతకం పెట్టాలి. నైట్ రౌండ్ ఆఫీసర్ వచ్చి చూస్తాడు. ఏ ఫుట్‌పాత్ మీద ఎవరు పడుకుంటారో, ఏ వాచ్‌మన్ తాగి నిద్రపోతాడో, ఏ ఇంట్లో రాత్రి లైటు ఎందుకు వెలుగుతోందో బీటు కానిస్టేబుల్‌కు తెలిసేది. నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్ల చుట్టూ ఉన్న లాడ్జీల్లో రిజిస్టర్ తిప్పుతుంటే ఏ పేరు నిజం, ఏది దొంగపేరు అని పసిగట్టడం ఎలా వచ్చిందో చెప్పండి. తెల్లవారుజామున ఇరానీ హోటల్ షట్టర్ ఎత్తగానే మొదటి చాయ్ మనదే. దానికి డబ్బులు ఇచ్చామా లేదా అన్నది కూడా రాయండి.

పెట్టీ కేసుల (చిన్న చిన్న జరిమానా కేసుల) సంగతి వేరేగా చెప్పాలి. లైటు లేని సైకిల్, డబుల్ సవారీ, రోడ్డు మీద తోపుడు బండి, బహిరంగంగా తాగి గొడవ. రోజుకు ఇన్ని పెట్టీ కేసులు తేవాలని చెప్పేవారు. చేతిలో ఉన్న చట్టం నిజాం కాలపు ఫసలీ క్యాలెండర్‌లో 1348 నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్. నిజాం ప్రభుత్వం పోయినా ఆ చట్టం మాత్రం మన జేబులోనే ఉంది. లెక్క నింపడానికి దొరికేది ఎవరు? కారులో పోయేవాడు కాదు, కూలికి పోయి వస్తున్న సైకిల్ మనిషే దొరికేవాడు. అతని రోజు కూలి జరిమానాకు పోయేది. ఆ అంకెను పై నుంచి ఎవరు పెట్టేవారు, దాన్ని మీరు ఎలా తప్పించుకున్నారు లేదా ఎలా నింపారు అన్నది రాస్తే, జనానికీ మనకూ మధ్య దూరం ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

ఇక గుర్తు తెలియని శవాలు. దీని గురించి నాకు చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఏ పుస్తకంలోనూ ఇది కనిపించలేదు. హుస్సేన్‌సాగర్‌లో తేలినవాళ్లు, ఫుట్‌పాత్ మీద చలికి పోయినవాళ్లు, బస్టాండులో కూర్చున్న చోటే ఒరిగిపోయినవాళ్లు. ఫోన్ రాగానే మొదట తేలాల్సింది హద్దు ఎవరిది అని. అది తేలేదాకా ఒక కానిస్టేబుల్ ఆ శవం దగ్గర నిలబడాలి, ఎండైనా వానైనా. సీఆర్‌పీసీ సెక్షన్ 174 కింద పంచనామా చెయ్యాలంటే పంచులు, అంటే సాక్షులు కావాలి. శవ పంచనామాకు సంతకం పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? ఛాయ్ హోటల్ వాణ్ని, పాన్ డబ్బా వాణ్ని బతిమాలేవాళ్లం. ఒంటి మీద పుట్టుమచ్చలు, పచ్చబొట్టు, చొక్కా మీద దర్జీ గుర్తు, జేబులో బస్సు టికెట్ ఒక్కొక్కటీ రాయాలి. ఆటోవాళ్లు శవాన్ని ఎక్కించుకోరు, ఎక్కువ అడుగుతారు. తోపుడు బండి మీద ఉస్మానియా ఆస్పత్రి మార్చురీ దాకా కానిస్టేబుల్ నడిచి వెళ్లిన సందర్భాలున్నాయి. ఆ ఖర్చుకు బిల్లు పెడితే ఎప్పుడొస్తుందో తెలియదు, చాలామంది పెట్టడమే మానేశారు.

తర్వాత ఫోటో తీయించి, వర్ణన రాసి అన్ని స్టేషన్లకూ పంపాలి. సాధారణంగా మూడు రోజులు చూస్తారు. ఎవరూ రాకపోతే ఖననం. ఆ మనిషి హిందువో ముస్లిమో తెలిస్తే దాని ప్రకారం చేసేవాళ్లం. తెలియకపోతే పక్కనున్న పెద్దమనుషుల్ని అడిగేవాళ్లం. కొడుకు ఉండాల్సిన చోట నిలబడి మట్టి వేసిన కానిస్టేబుళ్లు మీలో ఎంతోమంది ఉన్నారు. ఇంటికి వెళ్లి బయటే స్నానం చేసి లోపలికి వచ్చేవాళ్లు, పిల్లలు అడిగితే డ్యూటీ అని మాత్రమే చెప్పేవాళ్లు. అన్నా, ఈ నగరం దిక్కులేని తన మనుషుల్ని ఎలా సాగనంపిందో మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పచ్చబొట్టు వర్ణన చదివి, ఎప్పుడో ఆరు నెలల తర్వాత ఊరి నుంచి తల్లి వచ్చి అడిగిన సందర్భాలు కూడా మీకు గుర్తుండే ఉంటాయి. ఆవిడకు ఏం చెప్పారో రాయండి.

ఆడవాళ్ల చావుల విషయంలో చట్టం మన కళ్ల ముందే మారింది. భార్యను హింసించడం మీద 1983లో ఐపీసీ 498ఏ వచ్చింది, వరకట్న చావుల మీద 1986లో 304బీ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవ పంచనామా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చెయ్యాలన్నారు. అంతకుముందు స్టవ్ పేలి చనిపోయిందని ఎన్ని కేసులు మూశారో రైటర్లందరికీ తెలుసు. దెబ్బలతో వచ్చిన భార్యను ఇంటి గొడవ అని నచ్చజెప్పి మొగుడితోనే పంపించిన రోజులవి. చట్టం మారాక స్టేషన్‌లో మాట మారడానికి ఎన్నేళ్లు పట్టింది? మొదటిసారి అలాంటి కేసు కట్టినప్పుడు ఎస్సై ఏమన్నాడు, ఇంట్లోవాళ్లు ఎవరిని తీసుకొచ్చి ఒత్తిడి పెట్టారు? దీని మీద అప్పటి మహిళా కానిస్టేబుళ్లు రాయాలి. స్టేషన్‌లో మగవాళ్ల మధ్య కూర్చున్న ఆ అమ్మాయి మాట ముందుగా విన్నది వాళ్లే. స్టేషన్లో బాత్రూమ్ కూడా సరిగా లేని రోజుల్లో రాత్రి బందోబస్తులు ఎలా చేశారో వాళ్లే చెప్పాలి.

ఎస్కార్టు డ్యూటీ చేసినవాళ్లకు ఒక మాట. చంచల్‌గూడ జైలు నుంచి, అప్పటి ముషీరాబాద్ జైలు నుంచి నాంపల్లి కోర్టులకు ముద్దాయిల్ని తీసుకెళ్లేవాళ్లం. ముషీరాబాద్ జైలు ఉన్న చోట ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉంది, ఈ తరం వాళ్లకు అక్కడ జైలుండేదని కూడా తెలియదు. వ్యాన్ దొరక్కపోతే సిటీ బస్సే. బేడీ ఒక చివర ముద్దాయి చేతికి, ఇంకో చివర మన చేతికి. 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు, కారణం లేకుండా బేడీలు వెయ్యకూడదని చెప్పింది. మనిషిని మనిషిగా చూడమన్న ఆ తీర్పు సరైనదే. అయితే బేడీ లేకుండా, వ్యాన్ లేకుండా, ఇద్దరు ముద్దాయిలతో ఒక్క కానిస్టేబుల్ జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడాలి. ముద్దాయి తప్పించుకుంటే సస్పెన్షన్, కొన్నిసార్లు ఆ కానిస్టేబుల్ మీదే కేసు. మనకు వ్యాన్లూ మనుషులూ ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేదు. కోర్టు చెప్పిన మంచి మాటకు, మన చేతిలో ఉన్న వసతికి మధ్య ఏం జరిగిందో లాయర్లు రాయరు, జడ్జీలు రాయరు.

సమన్ల సంగతి కూడా వదలకండి. సిటీ ఇంటి నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు, దాని కింద మళ్లీ బై నంబర్లతో ఉంటాయి. పక్కపక్క ఇళ్లకు వరుస నంబర్లు ఉండవు. సాక్షి బస్తీ మారి ఉంటాడు. ఒక్క సమన్ ఇవ్వడానికి పూట పట్టేది. అది అందకపోతే కోర్టులో వాయిదా, వాయిదా పడితే మెమో.

నుమాయిష్ (ఏటా జరిగే ఎగ్జిబిషన్) డ్యూటీ గురించి సంతోషంగా రాయొచ్చు. జనవరి మొదటి తారీఖు నుంచి నాంపల్లి గ్రౌండ్స్‌లో చలి సాయంత్రాలు, జనం, దుమ్ము. తప్పిపోయిన పిల్లలు ఏడుస్తూ మన దగ్గరకు వచ్చేవారు. పేరు చెప్పలేని పిల్లకు చొక్కా రంగు చూసి మైకులో చెప్పించేవాళ్లం. ఆ పిల్ల నిద్రపోయేదాకా ఎత్తుకుని తిరిగినవాళ్లు ఈ ఉత్తరం చదువుతూ ఉండొచ్చు.

మత కల్లోలాలప్పటి కర్ఫ్యూ రోజులు రాయడం కష్టం. కానీ వాటిని వదిలేస్తే మన కాలం మీద ఏమీ రాయనట్టే. 1978, 1983, 1984, అన్నిటికన్నా ఘోరంగా 1990 డిసెంబర్. ఆ నెలలో నగరంలో వందమందికి పైగా చనిపోయారు. పాతబస్తీ పికెట్లలో (కాపలా పెట్టిన చోట్ల) రోజుల తరబడి యూనిఫాం మార్చకుండా నిలబడ్డాం. పడుకున్నది స్కూలు వరండాలో, మూసిన దుకాణాల మెట్ల మీద. మధ్యాహ్నం వచ్చిన పులిహోర పొట్లం రాత్రికి కూడా అదే. క్వార్టర్స్‌లో ఇంటావిడకు మనం బతికున్నామో లేదో తెలియదు, ఎవరింట్లోనూ ఫోన్ లేదు. జీపు డ్రైవర్ అటు వెళ్తే నోటిమాటగా చెప్పి పంపేవాళ్లం. బయటి నుంచి వచ్చిన కేంద్ర బలగాలకు ఏ గల్లీ ఎటు పోతుందో తెలియదు, వాళ్ల ముందు నడిచింది లోకల్ కానిస్టేబులే.

గంటో రెండు గంటలో కర్ఫ్యూ సడలిస్తే పాల కోసం పరిగెత్తే తల్లులు గుర్తున్నారా? నొప్పులొచ్చిన ఆడమనిషిని పోలీసు జీపులో ఆస్పత్రికి చేర్చినవాళ్లున్నారు. శవాన్ని తీసుకెళ్లడానికి ఎంతమందికి పాస్ ఇవ్వాలని తలలు లెక్కపెట్టినవాళ్లున్నారు. ఒక గల్లీలో ఇంటిని కాపాడి, పక్క గల్లీలో కళ్లు తిప్పుకున్నవాళ్లున్నారు. ఖాకీ వేసుకున్న ముస్లిం అన్నలు ఆ రాత్రుల్లో రెండు వైపుల నుంచీ ఏం విన్నారో, డిపార్ట్‌మెంట్‌లో వాళ్లను ఎలా చూశారో వాళ్లే రాయాలి. మంచి చేసినవాళ్లే రాసి మిగతావాళ్లు మౌనంగా ఉంటే, చనిపోయినవాళ్ల ఇళ్లలో ఆ రాతను ఎవరూ నమ్మరు. నమ్మకపోవడం వాళ్ల హక్కు.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన సంగతి. లాకప్‌లో కొట్టడం. దీన్ని తప్పించి పోలీసు జ్ఞాపకాలు రాయడం కుదరదు. 1978 మార్చిలో నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులదే తప్పని తేల్చింది. కేసు కర్ణాటకకు బదిలీ అయింది, 1981లో రాయచూర్ కోర్టు నిందితులను వదిలేసింది. ఆ తర్వాత చేరిన ప్రతి కానిస్టేబుల్‌నూ ఈ నగరంలో ఎవరో ఒకరు ఆ కేసు ఎత్తి నిలదీశారు. అది పేపర్లకెక్కిన కేసు. ఎక్కనివి ఎన్ని?

ఎందుకు కొట్టేవారో మనకు తెలుసు కాబట్టి ఆ పద్ధతినంతా వివరంగా చెప్పాలి. సొత్తు రికవరీ కావాలని పై నుంచి ఒత్తిడి ఉండేది. వేలిముద్రలు పోల్చి జవాబు రావడానికి చాలా కాలం పట్టేది. దర్యాప్తు నేర్పినవాళ్లు లేరు. చేతిలో ఉన్నది లాఠీ. ఫలానా ఏరియాలో దొంగతనం అయిందంటే స్టేషన్‌లో హిస్టరీ షీట్ ఉన్న పాత నేరస్థుణ్ని, అతను దొరక్కపోతే తమ్ముణ్ని, తండ్రిని తెచ్చి కూర్చోబెట్టేవారు. మనిషిని పట్టుకున్న రోజు వేరు, డైరీలో అరెస్టు రాసిన రోజు వేరు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న నియమం ఆ రెండో తేదీ నుంచే లెక్కకొచ్చేది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు వచ్చి, అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, బంధువులకు చెప్పాలి, డాక్టరు పరీక్ష చేయించాలి అని ఒక్కొక్కటీ చెప్పాల్సి వచ్చిందంటే కారణం ఇదే. ఆ తీర్పు కాగితం స్టేషన్ గోడకు అంటించిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అంటించాక ఏం మారింది, ఏం మారలేదు అన్నది మీ స్టేషన్ వరకు మీరు రాయండి. కొట్టనని మొండికేసి లూప్‌లైన్‌కు, అంటే ప్రాధాన్యం లేని పోస్టుకు పోయిన అన్నలు కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు, వాళ్ల గురించి ముందు రాయాలి.

మన కష్టం, మన వల్ల జనం పడ్డ కష్టం, రెండూ ఒకే రాతలో ఉండాలని నేను గట్టిగా అడుగుతున్నాను. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్ (ధర్మవీర కమిషన్) మొదటి నివేదికలోనే కానిస్టేబుల్ గురించి మాట్లాడింది. పని గంటలు, ఇళ్లు, జీతం, అధికారుల ఇళ్లలో చేసే ఆర్డర్లీ పని అన్నీ చెప్పింది. ఆ సిఫార్సులు ఇన్నేళ్లూ బీరువాల్లోనే ఉన్నాయి. 2006లో పోలీసు సంస్కరణల మీద సుప్రీంకోర్టు ప్రకాశ్‌సింగ్ తీర్పు వచ్చినా సంస్కరణ అంటే డీజీపీ నియామకం గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. వీక్లీ ఆఫ్ లేని మనిషి, ముప్పై గంటలుగా నిద్రలేని మనిషి, ఆఫీసర్ ఇంట్లో కూరగాయలు తెచ్చి అవమానంతో స్టేషన్‌కు వచ్చిన మనిషి ఎదుటివాడితో ఎలా మాట్లాడతాడో మనకన్నా ఎవరికి తెలుసు? చెయ్యెత్తిన మనిషికి అది సాకు కాదు. కానీ ఎలా జరిగిందో తెలియాలంటే ఇది కూడా తెలియాలి.

రాయడానికి భయాలుంటాయి, నాకు తెలుసు. మనం ఎవరి మీదా చాడీలు చెప్పడం లేదు. అధికారుల పేర్లు, స్టేషన్ పేర్లు అవసరం లేని చోట తీసేయండి. అత్యాచారానికి గురైన వాళ్ల పేరుగానీ, గుర్తుపట్టే వివరంగానీ ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకూడదు, అది చట్టం కూడా. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు మనతోనే పోవాలి, వాళ్ల పిల్లలు ఇంకా అదే బస్తీలో ఉన్నారు. పాత నేరస్థుల పేర్లు కూడా వద్దు, కొందరు ఎప్పుడో మారిపోయి మనవళ్లతో బతుకుతున్నారు. పేర్లు లేకపోయినా పని తీరు రాయొచ్చు.

మాకు రాయడం రాదు అనకండి. ఏళ్ల తరబడి పంచనామాలు రాశాం. తేదీ, టైమ్, చోటు, ఎవరెవరున్నారు, ఏం కనిపించింది, ఏం దొరికింది. అదే పద్ధతిలో రాస్తే చాలు. కళ్లు కనిపించనివాళ్లు ఫోన్‌లో రికార్డు చేయండి, మనవడో మనవరాలో టైప్ చేస్తారు. తెలుగులో సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్లం, అలాగే ఉంచండి, ఎవరూ దిద్దొద్దు. ఇంటావిడల్ని కూడా అడగండి. నెలలో ఎన్ని రాత్రులు ఒంటరిగా ఉన్నారో, బిడ్డకు జ్వరం వస్తే ఎవరిని పిలిచారో, క్వార్టర్స్‌లో నీళ్ల కోసం ఎలా వరస కట్టారో ఆవిడ చెబుతుంది. మన సర్వీసులో సగం ఆవిడే చేసింది.

నగర పోలీసు అధికారులను కూడా ఒకటి అడుగుతున్నాను. ఏ స్టేషన్ అటక మీదైనా ఇంకా మిగిలిన పాత జనరల్ డైరీలు, బీటు పుస్తకాలు ఉంటే, నాశనం చేసే ముందు కొన్నయినా ఆర్కైవ్స్‌కు పంపండి. పురానీ హవేలీలో ఆఫీసు ఉన్న రోజుల నుంచి బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ దాకా డిపార్ట్‌మెంట్ వచ్చిన దారిని కట్టడాల ఫోటోలు ఒక్కటే చెప్పలేవు.

నేను రైటర్ బల్ల గురించి మొదలుపెట్టాను, ఒక నోట్‌బుక్ దాదాపు నిండింది. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. ముఖ్యంగా 1990 డిసెంబర్ రాత్రుల్లో కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ సెట్ల ముందు కూర్చున్న అన్నలు ఎవరైనా ఉంటే, మీరు ముందు రాయండి. ఏ పికెట్ నుంచి ఏ టైమ్‌కు ఏం మెసేజ్ వచ్చింది, బలగం పంపమని అడిగినప్పుడు పై నుంచి ఏం జవాబొచ్చింది, ఎంతసేపటికి పంపారు అన్నది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇట్లు,
రిటైరైన ఒక హెడ్ కానిస్టేబుల్,
హైదరాబాద్